క్రిస్మస్‌కు పిల్లల గిఫ్టులకు ఎంత పెట్టాలి? లెక్క తేల్చుకునే పద్ధతి

నవంబరు చివరికి వచ్చేసరికి చర్చి ఆవరణలోనూ ఆఫీసు క్యాంటీన్లలోనూ తల్లిదండ్రులు ఒకరినొకరు అడిగేది ఒకటే: "ఈసారి పిల్లలకు ఎంత పెడుతున్నారు?" అవతలివాళ్లు చెప్పిన అంకెతో మీకు పనిలేదు. వాళ్ల అద్దె వేరు, వాళ్ల అప్పులు వేరు, వాళ్ల పిల్లల వయసులు వేరు. మీ అంకె మీ ఇంటి లెక్కలోంచే రావాలి. షాపు గుమ్మం ఎక్కకముందే రావాలి.

మన దగ్గర ఈ లెక్క ఎందుకు తప్పుతుందంటే, నవంబరు జీతం డిసెంబరు మొదట్లో చేతికొస్తుంది. మళ్లీ జీతం చూసేది డిసెంబరు 31నో జనవరి 1నో. ఈలోపు కొత్త బట్టలు, కేకు, పిండివంటలు, స్టారు, క్యారల్స్, సెమీ క్రిస్మస్ (పండగకు ముందే జరిపే వేడుక) చందా, ఊరి ప్రయాణం, 31 రాత్రి ఆరాధన అన్నీ ఆ ఒక్క జీతం మీదే పడతాయి. ఆ తర్వాత రెండు వారాలకే సంక్రాంతి సెలవులు, మళ్లీ ప్రయాణాలు, స్కూలు ఫీజు వాయిదా. పిల్లల గిఫ్టు వీటన్నిటి మధ్య ఇరుక్కుని ఉంటుంది. అందుకే దాన్ని విడిగా కాకుండా మొత్తంలోంచి తీసి తేల్చాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- నవంబరు నెల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌పే, గూగుల్‌పే చెల్లింపుల జాబితా
- పోయిన డిసెంబరు చెల్లింపులు కూడా (యాప్‌లో వెనక్కి వెళ్తే దొరుకుతాయి)
- పిల్లలు అడిగిన వస్తువుల పేర్లు, వాళ్ల మాటల్లోనే
- పిల్లల బట్టల కొలతలు, చెప్పుల సైజు
- మీరు గిఫ్టు ఇవ్వాల్సిన మిగతా పిల్లల పేర్లు: అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు, సండే స్కూలు చీటీల్లో పడ్డ పేరు
- ఒక నోటుపుస్తకం, రెండు కవర్లు
- పిల్లలు పడుకున్నాక భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చునే ఒక గంట

ఇద్దరూ కూర్చోవడం ముఖ్యం. ఒకరు లెక్క వేసి ఇంకొకరు కొంటే ఆ లెక్క కాగితం మీదే ఉండిపోతుంది.

ఎప్పుడు చేయాలంటే నవంబరు ఆఖరి వారం సరిగ్గా సరిపోతుంది. డిసెంబరు 15 దాటిపోయి ఉంటే 1, 2 అడుగులు వేగంగా వేసి నేరుగా 5వ అడుగుకు వెళ్లండి. టైలర్లు అప్పటికే ఆర్డర్లు ఆపేసి ఉంటారు, రెడీమేడ్ తప్ప దారి ఉండదు.

1. జనవరి 10 వరకు తప్పని ఖర్చులు పక్కన పెట్టండి

డిసెంబరు 31 వరకు కాదు, జనవరి 10 వరకు. జనవరి మొదట్లో జీతం రాగానే అద్దెకూ ఈఎంఐకీ వెళ్లిపోతుంది కాబట్టి ఆ మొదటి పది రోజుల్లో వచ్చే స్కూలు వాయిదా, ఇన్సూరెన్సు ప్రీమియం లాంటివాటికి కొంత డిసెంబరులోనే తీసిపెట్టాలి.

గుంటూరులాంటి ఊళ్లో అద్దెకుండే ఇల్లు అనుకుందాం. చేతికొచ్చే జీతం 47,000. ఇద్దరు పిల్లలు, 5 ఏళ్లు, 11 ఏళ్లు.

- దశమ భాగం (జీతంలో పదో వంతు, చర్చికి): 4,700
- అద్దె: 10,000
- సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్: 11,000
- బండి ఈఎంఐ: 5,500
- స్కూలు వ్యాను: 2,400
- కరెంటు, ఫోన్లు, నెట్: 2,200
- పెట్రోలు: 2,000
- ఊళ్లో అమ్మానాన్నలకు: 3,000
- మందులు, చిల్లర: 1,500

మొత్తం 42,300. మిగిలేది 4,700. ఈ ఇంట్లో చీటీ డబ్బు 9,000 పండగకని ఉంచారు కాబట్టి చేతిలో 13,700. జనవరి వాయిదాకు 2,300 తీసిపెడితే 11,400.

దశమ భాగం ఇచ్చే ఇళ్లు దాన్ని పై వరుసలోనే రాయండి. చివర్లో రాస్తే అది పిల్లల బొమ్మతో పోటీ పడుతుంది, అప్పుడు రెంటిలో ఏది తగ్గించినా మనసుకు కష్టంగానే ఉంటుంది.

హెచ్చరిక: "ఎలాగూ బోనస్ వస్తుంది" అని రాని డబ్బును లెక్కలో కలపకండి. ఖాతాలో పడ్డాకే రాయండి. క్రెడిట్ కార్డు లిమిట్ కూడా మీ డబ్బు కాదు.

2. పండగకు ఇంటి మొత్తానికి అయ్యేది రాయండి

పిల్లల గిఫ్టుల కంటే ముందు ఇది రాయాలి, ఎందుకంటే ఇవి తప్పించుకోలేనివి. పై ఇంట్లో:

- పెద్దల బట్టలు: 2,400
- కేకు, అరిసెలు, జంతికలు, ఆ రోజు వంట: 1,800
- చర్చి కానుక, క్యారల్స్ బృందానికి: 1,500
- స్టారు, లైట్లు: 300
- ఊరికి బస్సు చార్జీలు: 900

మొత్తం 6,900. పిల్లలకు మిగిలింది 4,500.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది క్యారల్స్ రాత్రి ఖర్చు. ఒక్క మన చర్చి బృందమే వస్తుందనుకుంటారు. యూత్ వాళ్లు వేరే, సండే స్కూలు వాళ్లు వేరే వస్తారు. వచ్చినవాళ్లకు టీ, బిస్కెట్లు, కవరు ఇవ్వాలి. పోయినేడాది ఎంతమంది వచ్చారో గుర్తు చేసుకుని రాయండి. సెమీ క్రిస్మస్ భోజనాలకు ఆఫీసులోనూ అపార్ట్‌మెంటులోనూ వసూలు చేసే చందా కూడా ఈ వరుసలోకే వస్తుంది.

పిల్లలకు మిగిలిన అంకె మరీ చిన్నదిగా కనబడితే ముందు పెద్దల బట్టల దగ్గర ఆగండి. ఇద్దరిలో ఒకరు ఈసారి ఉన్న మంచి చీర కట్టుకున్నా, ఉన్న చొక్కా వేసుకున్నా వెయ్యి పైన తేలుతుంది. చర్చి కానుక తగ్గించాలా వద్దా అన్నది మీ నిర్ణయం. కానీ సరుకుల్లోంచీ మందుల్లోంచీ మాత్రం తీయకండి, అది జనవరిలో రెట్టింపై తిరిగొస్తుంది.

3. పిల్లల బట్టలను గిఫ్టుల్లోంచి వేరు చేయండి

మన ఇళ్లల్లో క్రిస్మస్ అంటే మొదట కొత్త బట్టలే. 25 పొద్దున ఆరాధనకు కొత్త గౌను, కొత్త చొక్కా లేకపోతే పిల్లకు పండగ పండగలా ఉండదు. కాబట్టి బట్టలు తప్పనిసరి ఖర్చు. వాటిని గిఫ్టు కింద చూపించి "నీకు గౌను కొన్నాం కదా, ఇంకేంటి" అంటే పిల్లలు ఒప్పుకోరు, వాళ్ల వైపు న్యాయం ఉంది.

మన లెక్కలో చిన్నవాడి బట్టలు 900, పెద్దమ్మాయివి 1,300. మొత్తం 2,200 పోగా మిగిలింది 2,300.

బట్టల్లో డబ్బు ఎక్కడ మిగులుతుందో చూడండి. తళుకులు, నెట్టు గుడ్డ ఉన్న పార్టీ ఫ్రాకు రెండు మూడుసార్లకు మించి వేయరు. అది కుచ్చుకుంటుందని మధ్యాహ్నానికే విప్పేస్తారు. అదే డబ్బుకు కాటన్ లైనింగు ఉన్న గౌను తీసుకుంటే 25న చర్చికి, జనవరి 1న ఆరాధనకు, సంక్రాంతికి చుట్టాలింటికి వెళ్లినప్పుడు కూడా పనికొస్తుంది. కుట్టించేదైతే గౌను అంచు మడతలో, నడుం దగ్గర కుట్టు లోపల రెండంగుళాల గుడ్డ వదలమని టైలరుకు ముందే చెప్పండి. వచ్చే ఏడాది విప్పి పొడవు చేసుకోవచ్చు. రెడీమేడ్ కొంటే లోపలికి తిప్పి ఆ మడత ఎంత ఉందో వేలితో కొలవండి. అరంగుళమే ఉంటే ఆ గౌను ఒక్క ఏడాదిదే.

మొగపిల్లల ప్యాంటు నడుం సైజు ఒకటి పెద్దది తీసుకుని బిగించుకోవచ్చు. చెప్పులు, బూట్లు మాత్రం అలా కొనకండి, వదులు బూట్లతో పడిపోతారు.

4. దాగి ఉండే ఖర్చుకు పదో వంతు తీసిపెట్టండి

బొమ్మ ధర పెట్టె మీద ఉంటుంది. దాన్ని నడిపే ఖర్చు ఉండదు. మిగిలిన దాంట్లో పదో వంతు, మన లెక్కలో 230, విడిగా ఉంచండి.

- రిమోట్ కారు: కారుకు మూడో నాలుగో, రిమోటుకు రెండు పెన్సిల్ సెల్స్. పెట్టెలో చాలాసార్లు ఉండవు. మామూలు సెల్స్ ఒక్క మధ్యాహ్నంలో అయిపోతాయి. యూఎస్‌బీ ఛార్జింగ్ ఉన్న కారుకు వంద ఎక్కువైనా అదే చవక.
- సైకిలు: హెల్మెట్, తాళం, గంట, చిన్నవాళ్లకైతే పక్క చక్రాలు. వీటికే వెయ్యి దాకా పోతుంది, పదో వంతు సరిపోదు.
- ఫోను, ట్యాబ్: కవరు, స్క్రీన్ గార్డు, నెలనెలా రీచార్జి. నెలకు 200 రీచార్జి అంటే ఏడాదికి 2,400. కొనే రోజే ఆ అంకె కూడా ధరలో కలిపి చూడండి.
- రంగుల సెట్లు: డ్రాయింగ్ పుస్తకం విడిగా కొనాలి.
- చుట్టే కాగితం, రిబ్బను, పేరు చీటీలు.

ఇంకొకటి. రంగు కోడిపిల్లలు, లవ్ బర్డ్స్ అని పిల్లలు పేచీ పెడతారు. ప్రాణమున్నవాటిని గిఫ్టుగా ఇవ్వకండి, వాటి తిండీ వైద్యమూ ఏళ్ల తరబడి ఖర్చు. రామచిలుకను కొనడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

5. బయటి పిల్లల వాటా ముందే కట్టేయండి

అన్నయ్య పిల్లలు, చెల్లెలి పిల్లలు, ఇంట్లో పనిచేసే ఆవిడ పిల్లలు, చర్చిలో చీటీ తీసిన క్రిస్మస్ ఫ్రెండ్. ఈ పేర్లు రాయకుండా కూర్చుంటే 23, 24 తేదీల్లో హడావుడిగా కొంటారు, లెక్క తప్పేది అక్కడే. మన ఉదాహరణలో ముగ్గురు పిల్లలకు తలా 150 అనుకుంటే 450.

2,300 లోంచి 230, 450 పోతే సొంత పిల్లలిద్దరికీ మిగిలింది 1,620. ఇదీ ఆ ఇంటి అంకె. జీతం 47,000 కదా, ఐదు వేలు పెట్టలేమా అనిపించవచ్చు. పెట్టవచ్చు, కానీ ఆ మిగతాది అప్పే.

చుట్టాల పిల్లల విషయంలో మూడు దారులున్నాయి.

ఇళ్లన్నీ ఒక చోట కలుస్తుంటే చీటీలు వేయండి. ఎనిమిది మంది పిల్లలుంటే ఎనిమిది పేర్లు, ఒక్కో ఇల్లు తమ పిల్లలెందరో అన్ని చీటీలు తీసుకుంటుంది. ధర పరిమితి ఒకటి పెట్టుకోండి, 300 అంటే 300. ప్రతి పిల్లకూ ఒక మంచి గిఫ్టు వస్తుంది, ఎవరికీ భారం ఉండదు. ఈ మాట వదినగారితోనో బావగారితోనో నవంబరులోనే అనాలి. వాళ్లు కొనేశాక అంటే మాట పడతారు.

రెండో దారి, పిల్లలందరికీ కలిపి ఒకటి. క్యారమ్స్ బోర్డు, షటిల్ సెట్టు లాంటివి తాతగారింట్లో ఉంచితే సెలవులన్నీ ఆడుకుంటారు.

మూడోది, డబ్బు కవరు. పల్లెల్లో తాతలూ మేనమామలూ చేసేది ఇదే. ఇందులో తప్పేమీ లేదు. అయితే అందరి పిల్లలకూ ఒకే అంకె ఉండాలి. కవర్ల దగ్గర తేడా వెంటనే బయటపడుతుంది.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న మేనమామ గిఫ్టు పంపుతానంటే ఏం పంపుతున్నాడో, పిల్లలిద్దరికీ పంపుతున్నాడో లేదో ముందే అడగండి. అక్కడి నుంచి పార్సిల్ వేస్తే ఇక్కడ కస్టమ్స్ సుంకం పడవచ్చు, అది కట్టేది మీరే. ఇక్కడి షాపులోనే ఆన్‌లైన్లో కొని మీ చిరునామాకు పంపమంటే ఆ బెడద ఉండదు, వారంటీ కూడా మన దేశంలోదే వస్తుంది.

6. సొంత పిల్లల మధ్య పంచండి

సగం సగం అనుకోవడం తేలిక. అది అన్నిసార్లూ న్యాయం కాదు. వయసును బట్టి చూడండి.

మూడేళ్లలోపు వాళ్లకు ధర తెలియదు. 200, 300 దాటనక్కర్లేదు. నోట్లో పట్టే చిన్న ముక్కలు, ఊడొచ్చే కళ్లు, గుండీ బ్యాటరీలు ఉన్నవి వద్దు. గుండీ బ్యాటరీ మింగితే లోపల కాలిపోతుంది, గంటల్లో ప్రాణం మీదకొస్తుంది.

నాలుగు నుంచి ఏడేళ్ల వాళ్లు లెక్కపెడతారు. 600 పెట్టి ఒక్కటి కొనేకంటే 300, 200, 100 చొప్పున మూడు పొట్లాలు కట్టండి. విప్పడంలోనే వాళ్ల సంబరమంతా.

ఎనిమిది నుంచి పన్నెండు వాళ్లకు ధర తెలుస్తుంది, స్కూల్లో పోల్చుకుంటారు కూడా. వీళ్లకు అడిగినవాటిలో ఒక్కటైనా సరిగ్గా అదే కొనాలి. దానికి దగ్గరగా ఉండే చవక రకం కొంటే ఆ డబ్బు వృథా.

పదమూడు దాటినవాళ్లకు అంకె చెప్పేయండి. "నీకు ఇంత ఉంది, నువ్వే చూసుకో" అంటే పెద్దవాళ్ల కంటే గట్టిగా బేరం చేస్తారు.

మన ఉదాహరణలో 1,620 ని చిన్నవాడికి 620, పెద్దమ్మాయికి 1,000 గా పంచవచ్చు. ఒకరి వాటా ఇంకొకరి దానికి రెండింతలు దాటకుండా చూసుకోండి. కవలలైతే, ఏడాది తేడా పిల్లలైతే సమానంగానే పెట్టండి, పొట్లాల సంఖ్యతో సహా.

సైకిలు లాంటి పెద్ద వస్తువు ఒకరికే కొనాల్సి వస్తే దాన్ని ఈ పంపకంలో కలపకండి. అది స్కూలుకు వెళ్లడానికి కూడా కదా, పుట్టినరోజు డబ్బూ తాతగారిచ్చే డబ్బూ కలిపి విడి లెక్కగా పెట్టండి. రెండోవాడికి ఎప్పుడు కొంటారో నోటుపుస్తకంలో రాసి వాడికి చూపించండి. "పెద్దయ్యాక కూడా పనికొస్తుంది" అని ఒక సైజు పెద్ద సైకిలు కొనడం అందరూ చేసే తప్పు. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ల మునివేళ్లూ నేలకు ఆనాలి. ఆనకపోతే బ్రేకు వేసి దిగలేక పడతారు, ఆ భయంతో దాన్ని ముట్టరు.

7. పిల్లల కోరికల జాబితాను ఈ అంకెకు సరిపెట్టండి

పిల్లలు చెప్పినవన్నీ రాసి ప్రతిదాని పక్కనా ఇప్పటి ధర వేయండి. ఆపైన మూడు ప్రశ్నలు:

- ఇది రెండు వారాల క్రితం కూడా అడిగారా? నిన్న ఫోన్లో ప్రకటన చూసి అడిగింది వారం ఆగితే జాబితాలోంచి తనే జారిపోతుంది.
- ఇలాంటిది అలమరలో ఇప్పటికే ఉందా? మంచం కింద అట్టపెట్టె తీసి ఒకసారి చూడండి.
- ఒక్కరే ఆడుకునేదా, ఇద్దరూ ఆడుకునేదా? ఇద్దరిదీ అయితే రెండు వాటాల్లోంచీ తీయవచ్చు.

అంకెలోకి ఇమడనివి మూడు రకాలుగా సర్దవచ్చు. పుస్తకాలైతే హైదరాబాదులో సాధారణంగా డిసెంబరులో జరిగే పుస్తక ప్రదర్శనలో తగ్గింపు ఉంటుంది. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు సగం ధరకు, ఇంకా తక్కువకూ దొరుకుతాయి. బొమ్మలు హైదరాబాదులో బేగంబజార్, విజయవాడలో వన్‌టౌన్ హోల్‌సేల్ షాపుల్లో కొంటే మాల్ ధరతో పోలిస్తే తేడా బాగా కనబడుతుంది. కాకపోతే అక్కడ మార్చుకోవడం కష్టం, షాపులోనే ఆడించి చూసి తీసుకోవాలి. చిన్నపిల్లలకు ఏటికొప్పాక లక్కబొమ్మలు మంచివి. అంకుడు కర్రతో చేసి లక్క రంగులద్దుతారు, సెల్స్ గొడవ లేదు, ఏళ్ల తరబడి ఉంటాయి.

మత్తయి సువార్తలో జ్ఞానులు తెచ్చినవి బంగారం, సాంబ్రాణి, బోళం అని మూడు కాబట్టి పిల్లకు మూడే గిఫ్టులు అని నియమం పెట్టుకున్న ఇళ్లున్నాయి. సంఖ్యకు హద్దు పెట్టడానికి అది బాగానే పనిచేస్తుంది. అయితే సంఖ్య తగ్గినంత మాత్రాన ఖర్చు తగ్గదు. మూడు వస్తువులకూ కలిపి రూపాయల్లో కూడా హద్దు రాసుకోండి.

8. డబ్బును కవర్లలో పెట్టి కొనండి

ఒక కవరులో బట్టల డబ్బు, ఇంకో కవరులో గిఫ్టుల డబ్బు. షాపుకు ఆ కవరుతోనే వెళ్లండి. యూపీఐతోనే కొంటామంటే అంత మొత్తమే ఉంచిన వేరే ఖాతానో వాలెట్‌నో వాడండి. జీతం ఖాతాకు కలిపి ఉన్న యూపీఐతో కొంటే కవరు ఖాళీ అయిన సంగతి తెలియదు.

మొదట పెద్ద వస్తువు కొనండి, చిల్లరవి తర్వాత. తలకిందులుగా చేస్తే చిన్నవాటికే సగం పోతుంది. పిల్లల్ని బట్టల షాపుకు తీసుకెళ్లండి, బొమ్మల షాపుకు తీసుకెళ్లకండి.

కొనేటప్పుడు చూడాల్సినవి:

- పెట్టె మీద ఐఎస్‌ఐ గుర్తు. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. లేని బొమ్మ ఎంత చవకైనా వద్దు. ఏటికొప్పాక లాంటి నమోదైన చేతివృత్తుల బొమ్మలకు మాత్రం మినహాయింపు ఉంది.
- ఎమ్మార్పీ. అన్ని పన్నులూ కలిపిన ధర అది, పైన జీఎస్టీ అని అడిగితే ఇవ్వకండి. "70 శాతం తగ్గింపు" అన్నచోట ఎమ్మార్పీతో కాకుండా పక్క షాపు ధరతో పోల్చండి.
- బిల్లు. చేతిరాత బిల్లయినా తీసుకోండి, అది లేకపోతే మార్చుకోవడం కుదరదు.

ఆన్‌లైన్లో కొనేవాళ్లు ఒకటి గట్టిగా గుర్తుంచుకోవాలి. వాపసు గడువు చాలావాటికి డెలివరీ రోజు నుంచి 7 రోజులో 10 రోజులో ఉంటుంది. డిసెంబరు 5న వచ్చిన పెట్టెను 25న విప్పితే, పనిచేయకపోయినా చేసేదేమీ లేదు. కాబట్టి వచ్చిన రోజే పిల్లలు లేనప్పుడు విప్పి, సెల్స్ వేసి నడిపి, ముక్కలన్నీ ఉన్నాయో లేదో చూసి మళ్లీ మూసి కట్టండి. విప్పేటప్పుడు వీడియో తీయండి. అమెరికాలో ఉండే మనవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ, అక్కడ చాలా షాపులు పండగ కొనుగోళ్లకు వాపసు గడువును జనవరి దాకా పొడిగిస్తాయి. అయినా బిల్లు మీది తేదీ చూసుకోండి.

హెచ్చరిక: కార్డు మీద కొని "కనీస మొత్తం కడదాంలే" అనుకోకండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసే కార్డు మీద 6,000 బాకీ ఉంచితే ఒక్క నెలకే 210 వడ్డీ, దానిమీద 18 శాతం జీఎస్టీతో దాదాపు 248. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే అమ్మో అంటాం. కార్డుది అంతకంటే ఎక్కువ. "వడ్డీ లేని ఈఎంఐ"లో కూడా చాలాసార్లు ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఉంటాయి, నగదుకిచ్చే తగ్గింపు పోతుంది. బొమ్మ విరిగిపోయాక కూడా వాయిదా నడుస్తూంటుంది.

9. పిల్లలకు ముందే చెప్పండి

చిన్నవాళ్లకు అంకె చెప్పనక్కర్లేదు, ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు చెప్పినా మంచిదే. అడిగింది రాదని 25 పొద్దున తెలిస్తే ఏడుస్తారు. డిసెంబరు మొదటి వారంలోనే తెలిస్తే రెండ్రోజులు అలిగి ఇంకొకటి ఎంచుకుంటారు.

15,000 ట్యాబ్ అడిగిన అమ్మాయితో "చూద్దాంలే" అనకండి. పిల్లల దృష్టిలో దానర్థం అవునని. "అది ఈ క్రిస్మస్‌కు మనవల్ల కాదమ్మా. నీకు వెయ్యి రూపాయలు పెట్టాం, దాంట్లో ఏం కావాలో నువ్వే చెప్పు" అనండి. వాళ్ల నాన్న ముందే ఉండి వినాలి, లేకపోతే సాయంత్రానికి నాన్న దగ్గర ఇంకో మాట తెచ్చుకుంటుంది.

క్రిస్మస్ తాత పేరు మీద గిఫ్టు ఇచ్చే ఇళ్లు ఆ పేరు మీద చిన్నదే ఇవ్వండి, పెద్దది అమ్మానాన్నల పేరు మీద ఉండాలి. తాత ఒకడికి సైకిలిచ్చి పక్కింటి పిల్లాడికి పెన్సిల్ డబ్బా ఎందుకిచ్చాడన్న ప్రశ్నకు ఏ పిల్లకూ మనం జవాబు చెప్పలేం. ఆ పక్కింటి పిల్లాడైతే తను మంచివాడు కానందుకే అనుకుంటాడు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

24 రాత్రి కొనడం. ఇల్లంతా సర్దాక పొట్లాలు తక్కువగా కనబడ్డాయని మళ్లీ బజారుకు పరుగెత్తడం. ఆ రోజు కొన్నవి ఎప్పుడూ జాబితాలో లేనివే. తక్కువగా అనిపిస్తే ఉన్న మూడింటినే పెద్ద పెట్టెల్లో కట్టండి.

తల్లి ఒకటి, తండ్రి ఒకటి విడివిడిగా కొనడం. నోటుపుస్తకంలో కొన్నవెంటనే రాస్తే ఇది జరగదు.

పోయినేడాది కంటే ఎక్కువ పెట్టాలనుకోవడం. పిల్లలకు పోయినేడాది ధర గుర్తుండదు. ఏం ఆడుకున్నారో గుర్తుంటుంది.

ఏడాదంతా పని ఒత్తిడితో ఇంటిపట్టున ఉండలేదని దానికి బదులుగా ఖరీదైనది కొనడం. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చే తండ్రుల్లో ఇది ఎక్కువ. వాళ్లను తప్పుపట్టడం కాదు. కానీ వచ్చిన ఇరవై రోజుల్లో పిల్లాడు ఆ బొమ్మతో కాకుండా నాన్నతో ఆడుకోవాలని చూస్తాడు. ఇద్దరూ కలిసి ఆడేది, షటిల్ బ్యాట్లో చదరంగమో, కొనండి.

అంకె సరైనదేనా? ఇలా చూసుకోండి

కొనడానికి ముందు: గిఫ్టుల మొత్తాన్ని తెలిసినవాళ్ల దగ్గర అప్పు తీసుకోకుండా, బంగారం తాకట్టు పెట్టకుండా, కార్డు బాకీ ఉంచకుండా ఇవ్వగలరా? ఒక్కదానికి కాదన్నా 2వ అడుగుకు తిరిగి వెళ్లండి.

జనవరి 10న: స్కూలు వాయిదా కట్టారా, ఈఎంఐ వెళ్లిందా, ఖాతాలో డబ్బుందా? మూడూ అవునంటే అంకె సరిపోయింది. వెయ్యి, రెండు వేలు తగ్గితే ఏ వరుసలో తప్పిందో ఆ వరుస పక్కన అసలు ఖర్చు రాయండి. చాలా ఇళ్లల్లో అది పిల్లల గిఫ్టుల్లో కాదు, ప్రయాణాల్లోనూ తిండి ఖర్చులోనూ తేలుతుంది.

జనవరి ఆఖరున: ఏ బొమ్మ ఇంకా చేతుల్లో ఉంది, ఏది మంచం కిందకు పోయింది? ఒక్కో గిఫ్టు పక్కన ఒక గుర్తు పెట్టండి. వచ్చే నవంబరులో 7వ అడుగుకు ఇంతకంటే మంచి సమాచారం ఉండదు.

వచ్చే ఏడాదికి

ఈసారి పండగకు ఇంటి మొత్తం ఖర్చు (2వ అడుగుది), పిల్లల బట్టలు, గిఫ్టులు కలిపి ఎంతయిందో 11తో భాగించండి. పై ఇంటికి 11,400 అయింది, అంటే నెలకు 1,036. జనవరి నుంచి నవంబరు దాకా నెలకు 1,050 పక్కన పెడితే డిసెంబరు మొదట్లో వచ్చే జీతాన్ని ముట్టుకోనక్కర్లేదు. బ్యాంకులో ఆర్డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేసేవాళ్లు ఏడాది గడువుది డిసెంబరు మొదటి వారంలోనే మొదలుపెట్టండి, వచ్చే డిసెంబరు మొదటి వారంలో చేతికొస్తుంది. జనవరిలో మొదలుపెడితే పండగ అయిపోయాక వస్తుంది. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు. చీటీ వేసేవాళ్లు నవంబరు పాట మీదే అవుతుందన్న నమ్మకం పెట్టుకోకండి, పాట ఎవరు పాడినా మీకు డబ్బు ఉండేలా అక్టోబరుకే ముగిసే చీటీలో చేరండి.